పదో తరగతి సీ గ్రేడులూ, వాగు నోట్‌బుక్కూ

ప్రశ్న: మేం అమెరికా వచ్చి పన్నెండేళ్లయింది. మా అమ్మాయి ఇప్పుడే పదకొండో తరగతి పూర్తి చేసింది. తొమ్మిదిలో అన్నీ ఏ గ్రేడులే. పదిలో మాత్రం ఆల్జీబ్రా 2లోనూ, కెమిస్ట్రీలోనూ సీ వచ్చింది. ఆ ఏడాది మావారి ఉద్యోగం పోయింది. నవంబర్‌లో సామాను సర్దుకుని వేరే రాష్ట్రానికి మారాం. పదకొండులో ఒక్క బీ తప్ప మళ్లీ అన్నీ ఏలే. తనకి ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదవాలని ఉంది, అదీ ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, కార్నెల్ లాంటి చోట. స్కూల్లో కౌన్సెలర్ ఆశలు పెట్టుకోవద్దన్నట్టే మాట్లాడారు. మేం డబ్బు కట్టి పెట్టుకున్న కన్సల్టెంట్ ఏమో, ఆ ఏడాది పిల్ల డిప్రెషన్‌లో ఉందని రాయమంటున్నాడు. అది నిజం కాదు. అమ్మాయిని అడిగితే "సగం తప్పు నాదేనమ్మా, నేనే చదవలేదు" అంటోంది. పన్నెండులో తేలిక సబ్జెక్టులు తీసుకుని సగటు పెంచుకోమని నేనంటే వినడం లేదు. పైగా ప్రతి ఆదివారం ఇంటి వెనక వాగు దగ్గరికి వెళ్లి నీళ్లేవో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చుంటుంది. ఏడాదిన్నరగా ఇదే వరస. ఆ టైమ్ కూడా చదువు మీద పెట్టి ఉంటే బాగుండేదేమో అనిపిస్తుంది. ఇప్పుడు మేం ఏం చేయాలి?

ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చివర్లో వాగు గురించి రాసిన వాక్యాల దగ్గర ఆగిపోయాను. వాటిని మీరు ఫిర్యాదులాగా రాశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో బాగా నచ్చింది అదే. ఆ సంగతికి వస్తాను. ముందు మీ నిద్ర చెడగొడుతున్న ఆ రెండు సీల గురించి మాట్లాడుకుందాం.

అవకాశం ఉందా అంటే ఉంది. ఎంత అంటే తక్కువే. అయితే అది తక్కువగా ఉండటానికి ఆ రెండు గ్రేడులే కారణమని అనుకోకండి. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్‌లలో ఈ మధ్య వంద మంది దరఖాస్తు పెడితే సీటిచ్చేది దాదాపు నలుగురికే. ఎంఐటీలో కూడా నలుగురైదుగురే. హార్వర్డ్ మీద నడిచిన ఒక కేసులో 2019లో ఇచ్చిన తీర్పులో ఒక లెక్క ఉంది. ఒక సంవత్సరం అమెరికాలోని పిల్లలు దాదాపు 26,000 మంది దరఖాస్తు పెడితే, వాళ్లలో 8,000 మందికి పైగా జీపీఏలో, అంటే గ్రేడుల సగటులో, ఒక్క చుక్క కూడా తగ్గనివాళ్లే. సీటు ఇచ్చింది మొత్తం కలిపి దాదాపు రెండు వేల మందికి. అంటే నూటికి నూరు తెచ్చుకున్న పిల్లల్లోనే కనీసం నలుగురిలో ముగ్గురికి చోటుండదు.

ఈ లెక్క చూసి కొందరు తల్లిదండ్రులు నీరుగారిపోతారు. నాకు మాత్రం ఇందులో మీ అమ్మాయికి పనికొచ్చే సంగతి కనిపిస్తుంది. మార్కులు ఒక గడప. ఆ గడప దాటాక ఇంకా ఏదో చూసి తీసుకుంటున్నారు. అందుకే మనం ఆలోచించాల్సినవి రెండు: తను ఆ గడప దాటిందని చూపించగలమా, దాటాక చూపించడానికి తన దగ్గర ఏముంది.

మొదటిది చూద్దాం. అడ్మిషన్ ఆఫీసులో మీ అమ్మాయి ఫైలు చదివే మనిషికి సగటు ఒక్కటే కనపడదు. ట్రాన్‌స్క్రిప్ట్, అంటే స్కూలు ఇచ్చే గ్రేడుల పత్రం, ఏడాది వారీగా, సబ్జెక్టు వారీగా ఉంటుంది. దానితో పాటు స్కూలు పంపే ప్రొఫైల్ ఉంటుంది. ఆ స్కూల్లో ఏపీ క్లాసులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి క్లాసులు) ఏవేవి ఉన్నాయి, గ్రేడులు ఎలా ఇస్తారు, పిల్లలు ఎలాంటి కుటుంబాల నుంచి వస్తారు, అన్నీ అందులో ఉంటాయి. పైగా చదివేవాళ్లు సాధారణంగా ప్రాంతాల వారీగా పంచుకుంటారు కాబట్టి, ఆ చుట్టుపక్కల స్కూళ్లు వాళ్లకు కొంత తెలిసే ఉంటాయి. అలా చదివే మనిషి తొమ్మిదిలో బాగుంది, పదిలో పడింది, పదకొండులో లేచింది అన్నది ఒక నిమిషంలో పట్టేస్తారు. పడిన ఏడాది మధ్యలో స్కూలు మారిందని కూడా ఆ కాగితమే చెబుతుంది.

కానీ మిమ్మల్ని మభ్యపెట్టలేను. తను కోరుకుంటున్నది ఇంజినీరింగ్. సీ వచ్చింది లెక్కల్లో, కెమిస్ట్రీలో. చరిత్రలోనో, స్పానిష్‌లోనో వచ్చి ఉంటే ఇంత పట్టింపు ఉండేది కాదు. చదివేవాళ్లకు వచ్చే మొదటి అనుమానం, "ఈ పిల్ల మా దగ్గర మొదటి సెమిస్టర్ లెక్కలు తట్టుకుంటుందా?" అని. దానికి జవాబు మాటల్లో ఇవ్వలేం, ఇంకో గ్రేడుతోనే ఇవ్వగలం. అందుకే పన్నెండులో తేలిక సబ్జెక్టులు తీసుకోమన్న మీ సలహాను నేను ఒప్పుకోలేను. ఇక్కడ అమ్మాయే కరెక్ట్. తేలిక క్లాసులో వచ్చిన ఏ గ్రేడు సగటును కాస్త పైకి లాగుతుందేమో గానీ ఆ అనుమానాన్ని తీర్చదు. ఏపీ కాల్క్యులస్‌లో, ఏపీ కెమిస్ట్రీలో వచ్చిన ఏ గ్రేడు తీరుస్తుంది. కష్టమైన క్లాసులో బీ వచ్చినా నేను భయపడను. మళ్లీ సీ వస్తే మాత్రం కష్టం. కాబట్టి ఎన్ని కష్టమైన క్లాసులు మోయగలదో తననే నిజాయితీగా లెక్క వేసుకోమనండి. ఆరు ఏపీలు నెత్తిన వేసుకోమని నేననడం లేదు. లెక్కలు, సైన్సు గట్టిగా ఉంటే చాలు.

ఇది నా సొంత అభిప్రాయమే అనుకుంటే మీరే చూసుకోవచ్చు. కాలేజీలు చాలావరకు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం బయటపెడతాయి. కాలేజీ పేరుతో పాటు ఆ మాట కొట్టి వెతకండి. అందులో సీ7 అనే పట్టిక ఉంటుంది. ఏ అంశం చాలా ముఖ్యం, ఏది ముఖ్యం, ఏది అసలు చూడం అన్నది అక్కడ గడులు నింపి చెబుతారు. పేరున్న చాలా కాలేజీల పట్టికల్లో తీసుకున్న కోర్సులు ఎంత కష్టమైనవన్నది "చాలా ముఖ్యం" గడిలోనే ఉంటుంది. ఎంఐటీది ఇంకా విచిత్రం. ఏళ్లుగా వాళ్లు "చాలా ముఖ్యం" అని గుర్తు పెట్టింది ఒక్కదానికే, వ్యక్తిత్వానికి. గ్రేడులు, పరీక్షలు దాని కింద "ముఖ్యం" గడిలో ఉంటాయి.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి ఒకటి. మీరు రాసిన మూడు చోట్లా ఎస్‌ఏటీ గానీ ఏసీటీ గానీ, అంటే కాలేజీ ప్రవేశాల కోసం దేశమంతటా పెట్టే పరీక్షల్లో ఒకటి, మళ్లీ తప్పనిసరి చేశారు. ఎంఐటీ 2022లోనే ఆ పని చేసింది. దీన్ని అదనపు బరువు అనుకోకండి, మీ అమ్మాయికి ఇది కలిసొచ్చే విషయమే. పదో తరగతి సీ పక్కన ఎస్‌ఏటీ లెక్కల్లో మంచి స్కోరు ఉంటే, చదివేవాళ్ల అనుమానం సగం అక్కడే తీరుతుంది. వేసవిలో ఇంకో పరీక్షకి టైమ్ ఉంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు మాత్రం ఈ స్కోర్లను అసలు చూడవు.

(ఇది చదువుతున్న మిగతా తల్లిదండ్రులకు: మీ పిల్లలకు మార్కులు తగ్గింది తొమ్మిదిలో అయితే, అదే కాలిఫోర్నియా యూనివర్సిటీ జీపీఏ లెక్కలో తొమ్మిదో తరగతి గ్రేడులు కలపరు. పది, పదకొండు మాత్రమే కలుపుతారు. ఈ సంగతి తెలియక దరఖాస్తే పెట్టనివాళ్లను చూశాను.)

ఇక ఆ కన్సల్టెంట్. అమ్మా, ఆయన చెప్పింది చేయకండి. లేని జబ్బు రాయమనడం సలహా కాదు, పదిహేడేళ్ల పిల్లను సంతకం పెట్టి అబద్ధం ఆడమనడం. దరఖాస్తు చివర ఇందులో రాసినదంతా నిజమని తనే సంతకం పెట్టాలి. తర్వాత ఎప్పుడు బయటపడినా ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు. 2019లో బయటపడిన కుంభకోణం మీకు గుర్తుండే ఉంటుంది. పరీక్షలు వేరేవాళ్లతో రాయించి, ఆటలు రాని పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించి సీట్లు కొన్నందుకు తల్లిదండ్రులు జైలుకు వెళ్లారు. అదీ ఇదీ ఒకటని అనను. కానీ మొదటి అడుగు ఇదే దారిలో పడుతుంది. పైగా నిజంగా డిప్రెషన్‌తో ఆ వయసులో నానా యాతన పడి, ధైర్యం చేసి ఆ మాట రాసుకునే పిల్లలున్నారు. వాళ్ల మాట మీద కూడా నమ్మకం పోతుంది.

అసలు అబద్ధం అవసరమే లేదు. జరిగిన నిజమే గట్టిగా ఉంది. దాన్ని రాయడం తెలియాలంతే. ఇలాంటి పిల్లలు మొదటిసారి రాసి తెచ్చేది దాదాపు ఇలా ఉంటుంది: "పదో తరగతిలో నేను ఎన్నో కష్టాలు ఎదుర్కొన్నాను. వాటి వల్ల నా మార్కులు దెబ్బతిన్నాయి. కానీ ఆ కష్టాలు నన్ను దృఢంగా మార్చాయి, పట్టుదల విలువ నేర్పాయి." ఇందులో ఏమైనా తెలిసిందా? ఏ కష్టమో లేదు, ఎప్పుడో లేదు, ఏం చేసిందో లేదు. ఈ మూడు వాక్యాల కింద ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు.

తను మీతో అన్న ఆ మాట, "సగం తప్పు నాదే", అందులోంచి మొదలుపెట్టమనండి. నాకు వివరాలు తెలియవు కాబట్టి ఊహించి రాస్తున్నాను, తను తన నిజంతో మార్చుకోవాలి:

"పదో తరగతి నవంబర్‌లో మా నాన్న ఉద్యోగం పోయి వేరే రాష్ట్రానికి మారాం. కొత్త స్కూల్లో ఆల్జీబ్రా 2 నేను చదవని రెండు చాప్టర్లు అప్పటికే దాటిపోయింది. అర్థం కావడం లేదని చెప్పడానికి సిగ్గుపడి, ఫిబ్రవరి వరకు ఎవరినీ సాయం అడగలేదు. అది నా తప్పు. మార్చి నుంచి వారానికి రెండు రోజులు స్కూలయ్యాక టీచర్ దగ్గర కూర్చున్నాను. ఆ ఏడాది సీ వచ్చింది. మరుసటి ఏడాది ప్రీకాల్క్యులస్‌లో ఏ వచ్చింది."

ఏడు వాక్యాలు, అంతే. ఇంట్లో జరిగింది ఉంది, తన తప్పు ఉంది, తేదీలున్నాయి, తర్వాత ఏం చేసిందో ఉంది. దయ చూపించమని అడగలేదు. "అది నా తప్పు" అన్న చిన్న వాక్యం చూసి భయపడకండి, మిగతా వాక్యాలను నమ్మించేది అదే. కామన్ యాప్‌లో, అంటే చాలా కాలేజీలు వాడే ఉమ్మడి దరఖాస్తులో (ఎంఐటీకి మాత్రం సొంత దరఖాస్తు ఉంది), ఇలాంటి పరిస్థితులు చెప్పుకోవడానికి విడిగా ఒక చోటు ఉంది, 250 పదాల వరకు పడుతుంది. ఇంకా ఏదైనా చెప్పాలంటే అదనపు సమాచారం అనే గడి ఉంది, దాన్ని 2025 నుంచి 300 పదాలకు కుదించారు. మీ అమ్మాయికి ఇంత కూడా అక్కర్లేదు. రెండు చోట్లా అదే సంగతి మళ్లీ మళ్లీ రాయవద్దు.

మరీ ముఖ్యంగా, 650 పదాల అసలు ఎస్సేని ఈ సీల మీద ఖర్చు పెట్టవద్దు. చాలామంది పిల్లలు చేసే తప్పు ఇదే. తన గురించి చెప్పుకోవడానికి దొరికిన పెద్ద జాగా అది. దాన్ని గాయం చూపించడానికి వాడేస్తే చదివిన మనిషికి గుర్తుండేది గాయమే.

తను చెప్పుకున్న సంగతికి ఇంకో పెద్దమనిషి మాట తోడైతే బరువు పెరుగుతుంది. కౌన్సెలర్ ఆశ పెట్టుకోవద్దన్నారని ఆవిడతో ముభావంగా ఉండకండి. వందల మంది పిల్లల ఫైళ్లు చూసే మనిషి, మీ ఇంట్లో ఏం జరిగిందో ఆవిడకు తెలియకపోయి ఉండొచ్చు. స్కూలు తరఫున వెళ్లే ఉత్తరం రాసేది ఆవిడే. స్కూలు తెరవగానే మీరూ అమ్మాయీ కలిసి వెళ్లి, ఉద్యోగం పోయిన నెల, మారిన తేదీ, కొత్త స్కూల్లో చేరిన రోజు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. "ఈ విషయం మీ ఉత్తరంలో ఒక ముక్క రాయగలరా?" అని అడగండి. అలాగే టీచర్ల రికమెండేషన్ లెటర్లు సాధారణంగా రెండు కావాలి. ఏ గ్రేడు ఇచ్చిన టీచర్ దగ్గరికే వెళ్లాలని లేదు. పిల్ల కిందపడి లేవడం దగ్గరుండి చూసిన లెక్కల టీచర్ ఎవరైనా ఉంటే, ఆ ఉత్తరం నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు వాగు దగ్గరికి వద్దాం. ఈ కాస్త అమ్మాయితోనే మాట్లాడతాను, మీరు పక్కన కూర్చుని వినండి.

తల్లీ, ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం అంటే డెబ్భై సార్లకు పైనే వెళ్లి ఉంటావు. ఎవరూ చెప్పకుండా, మార్కులు రాకుండా, అమ్మ విసుక్కుంటున్నా వెళ్లావు. ఏం కొలుస్తున్నావు? ఉష్ణోగ్రతా? నైట్రేట్లా? నీటి మట్టమా? వాన పడిన వారం అంకెలు ఎలా మారాయి? నువ్వు అనుకున్నదానికి పూర్తిగా ఉల్టాగా వచ్చిన వారం ఏదైనా ఉందా? ఆ రోజు ఏం చేశావు, మళ్లీ కొలిచావా, కిట్ పాడైందనుకున్నావా? ఇవన్నీ ఆ నోట్‌బుక్‌లో ఉంటాయి. నీ ఎస్సే కూడా ఆ పేజీల్లోనే ఉంది. పర్యావరణాన్ని కాపాడాలి, భావి తరాలు అని మొదలుపెట్టకు. ఒక ఆదివారం పొద్దున్న నీళ్లలో చెయ్యి పెట్టిన దగ్గర మొదలుపెట్టు.

కామన్ యాప్‌లో క్లాసు బయట చేసే పనులు రాసే యాక్టివిటీస్ పట్టికలో పది గడులుంటాయి. ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే. అక్కడ అంకెలే మాట్లాడాలి: "ఇంటి వెనక వాగు, 76 వారాలు. ప్రతి ఆదివారం ఉష్ణోగ్రత, నైట్రేట్ కొలత. వానల తర్వాత పెరుగుదల గమనించి గ్రాఫ్ గీశాను." నీ అంకెలు వేసుకో, ఇంగ్లిష్‌లో కుదించుకో. పది గడులూ నింపాలన్న టెన్షన్ వద్దు. నాలుగు నిజమైనవి ఉంటే చాలు.

అమ్మా, మళ్లీ మీకే. ఈ మాట చదివి రేపే దానికో సంస్థ పేరు పెట్టి, వెబ్‌సైట్ తెరిచి, తనని వ్యవస్థాపక అధ్యక్షురాలిని చేసేయకండి. చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, చదివేవాళ్లు అలాంటివి రోజూ చూస్తారు. ఆ పనికి విలువ వచ్చిందే ఎవరూ చూడకుండా చేయడం వల్ల. చేయాలంటే ఒకటి చేయొచ్చు: ఇన్నాళ్ల అంకెలను ఒక పట్టికగా వేసి, మీ ఊరి నీటి విభాగానికో, దగ్గర్లోని యూనివర్సిటీలో నీటి మీద పనిచేసే ప్రొఫెసర్‌కో పంపి "నేను కొలిచింది సరిగ్గా ఉందా?" అని అడగమనండి. జవాబు రాకపోయినా పరవాలేదు. వస్తే తన పని ఇంకో మెట్టు ఎక్కుతుంది.

ఎప్పుడు పెట్టాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ఎర్లీ డెసిషన్‌లో, అంటే సీటిస్తే తప్పకుండా చేరతానని మాటిచ్చి నవంబర్ మొదట్లో పెట్టే పద్ధతిలో, కొన్ని కాలేజీల్లో అవకాశం కాస్త మెరుగ్గా ఉంటుంది. కార్నెల్‌లో ఆ పద్ధతి ఉంది. కానీ అప్పటికి పన్నెండో తరగతి గ్రేడులు చేతికి పూర్తిగా రావు. రెగ్యులర్‌లో, అంటే జనవరి మొదట్లో పెడితే, స్కూలు పంపే మిడ్ ఇయర్ రిపోర్టు, అంటే పన్నెండో తరగతి సగం ఏడాది గ్రేడులు, కూడా వెళుతుంది. లేచిన గీత ఇంకో సెమిస్టర్ పొడుగు కనపడుతుంది. మీ అమ్మాయి విషయంలో నేనైతే రెగ్యులర్ వైపే మొగ్గుతాను, ఎస్‌ఏటీ స్కోరు అదిరిపోయేలా వస్తే తప్ప. ఇంకో కారణం డబ్బు. ఎర్లీ డెసిషన్‌లో వేరే కాలేజీలు ఎంత సాయం ఇస్తాయో పోల్చుకునే వీలుండదు. మధ్యలో ఉద్యోగం పోయిన ఇల్లు కాబట్టి, సాయం పోను మీరు కట్టాల్సింది ఎంతో అంచనా చెప్పే, ప్రతి కాలేజీ సైట్‌లో ఉండే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో మీ ఆదాయం వేసి చూశాకే ఏ నిర్ణయమైనా తీసుకోండి.

మూడు పేర్లతో జాబితా ముగించకండి. అలాంటివి మూడు నాలుగు పెట్టుకోండి, తప్పులేదు. వాటితో పాటు తన గ్రేడులతో వచ్చే అవకాశం బాగా ఉన్నవి నాలుగైదు, తప్పకుండా వస్తుందనుకున్నవి రెండు ఉండాలి. ఆ రెండూ కూడా తను సంతోషంగా వెళ్లే చోట్లయి ఉండాలి. ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చాలా రాష్ట్ర యూనివర్సిటీల్లో గట్టిగా చెబుతారు. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒకే రకం కాలేజీలకు దరఖాస్తు పెట్టి, ఒకే రకం కాలేజీల్లో సీట్లు వచ్చిన పిల్లల్ని పోల్చి చూశారు. వాళ్లలో బాగా పేరున్న చోట చేరినవాళ్ల జీతాలకూ, అంత పేరులేని చోట చేరినవాళ్ల జీతాలకూ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ వల్ల లాభం కనపడింది. ఇది చెప్పి మీ అమ్మాయి కోరికను తగ్గించాలని కాదు. మార్చి చివరికల్లా మూడు చోట్ల నుంచీ లేదని వచ్చేస్తే, ఆ రాత్రి మీ ఇంట్లో ఎవరూ జీవితం అయిపోయినట్టు కూర్చోకూడదని.

సీటు వచ్చాక కూడా పన్నెండో తరగతి చివరి గ్రేడులు పంపాలి. అవి బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంది. ఇది ఒకసారి గుర్తు చేసి వదిలేయండి.

కామన్ యాప్ కొత్త దరఖాస్తు ఆగస్టు 1న తెరుచుకుంటుంది. అప్పటికి ఆ ఏడు వాక్యాలు తన నిజంతో రాసి పెట్టుకుంటే మిగతా నెలలన్నీ ఎస్సేకి, క్లాసులకి మిగులుతాయి. కన్సల్టెంట్‌కు కట్టిన డబ్బు వెనక్కి రాకపోయినా ఆయన దగ్గరికి ఇక పంపకండి. ఆ నోట్‌బుక్‌ను మాత్రం ఈ వారమే ఒక్కో పేజీ ఫోన్‌తో ఫొటో తీసి ఎక్కడైనా భద్రం చేయమనండి. వారం వారం వాగు ఒడ్డుకు వెళ్లే పుస్తకం అది. ఎప్పుడో ఒకరోజు నీళ్లలో పడుతుంది.